ఒక పనికి మూడు దారులు

జూన్ 9, ఆత్మకూరు ఆఫీసు

పాల కేంద్రాల యాప్‌కి నా గైడ్ పూర్తయింది. నలభై రెండు పేజీలు. లీటర్లు తప్పు కొడితే దిద్దడానికే మూడు దారులు చూపించాను: పెన్సిల్ బొమ్మ నొక్కడం, వరస మీద వేలు నొక్కిపట్టడం, మెనూలోంచి వెళ్లడం. బీటెక్ చదివింది ఊరికేనా?

నాలాగే టెంపరరీగా చేరిన నజ్నీన్ రాసింది ఒక్క పేజీ. పనికి ఒకటే దారి.

ట్రైనర్ పోస్టు ఒకటే ఉండాదమ్మా, ఎవరి రాత కేంద్రాల్లో పనికొస్తే వాళ్లకి అన్నారు రాజమోహన్ సార్.

జూన్ 10

ఉదయగిరి బస్సులో నజ్నీన్ నా పక్కనే కూర్చుంది. వాళ్లమ్మ చెక్కిన కొయ్య స్పూను ఇచ్చింది. ఎంత బాగుందో! అదీ నాకు కడుపు మంటే.

మూడు దారులు చెప్తే తప్పేందే అని అడిగాను. పొద్దున్నే జనం పాలు పట్టుకోని నిలబడుంటే మూడిట్లో ఏదని ఎతుక్కోవాలే తల్లీ అని నవ్వింది. పళ్లు కూడా వరసగా ఉంటాయి దానికి.

జూన్ 13

ఏడు కేంద్రాలు తిరిగాను. ఏడింట్లోనూ గోడ మీద ఆమె పేజీ. కలిగిరిలో నా గైడు కనిపించింది. కాటా ఊగకుండా కింద పెట్టుకున్నారు.

జూన్ 17

స్పూను ఇంకా బ్యాగులోనే ఉంది.

జూన్ 19, మర్రిపాడు, ఉదయం 11

దొరికింది! ఇక్కడ కేంద్రం నడిపే ఓబులమ్మ ఫోన్ కుడి అంచు పగిలిపోయింది. అక్కడ నొక్కితే పలకదు. పెన్సిల్ బొమ్మ సరిగ్గా అక్కడే. నజ్నీన్ చెప్పిన ఒకే ఒక్క దారి. ఫొటో తీశాను.

అదే రోజు, బస్సులో

మరి ఎట్లా దిద్దుతుండావక్కా అని అడిగాను. వరస మీద యేలు నొక్కిపడతా అంది. నా రెండో దారి! నా గైడు చదివినావా అన్నాను. అంత పొత్తకం సదివే తీరిక యాడుండాదే, నజ్నీన్ పాపకి ఫోన్ జేస్తే చెప్పింది అంది.

అంటే ఆమెకి అన్ని దారులూ తెలుసు. ఎవరికి కావాలో వాళ్లకే చెప్తుంది. ఆమె పేజీ అడుగున నంబరు వేలెడంత అంకెల్లో ఉంది. నాది నలభై రెండో పేజీలో.

ఫొటో సార్‌కి పంపాను. ఓబులమ్మ మాట రాయలేదు.

జూన్ 23

పోస్టు నాకే. నజ్నీన్ కంగ్రాట్స్ చెప్పింది. రేపటి నుంచి ఇంట్లోనే, అమ్మతో స్పూన్లు చెక్కుకుంటానంది. ఫొటో గురించి ఒక్క మాట అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది.

జూన్ 28

ఆమె పేజీ తీస్తామంటే కేంద్రాల వాళ్లు ఒప్పుకోలేదు. ఆమె నంబరు మీద నా నంబరు స్టిక్కర్ అంటించి వచ్చాను.

జూలై 2

ఓబులమ్మ ఫోన్. నజ్నీన్ పాపేనా అని అడిగింది.

ఆ, నేనే అన్నాను.