క్యాలెండర్ మీద నల్ల మార్కర్

మంగళవారం, ఆసిఫాబాద్

మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చింది. కాలేజీ సర్వర్ లేచింది గానీ, నెల రోజులు కూర్చుని దానిలో నేను పెట్టిన ఆరు వర్చువల్ మెషీన్లలో, అంటే దాని లోపలే నడిచే ఉత్తుత్తి కంప్యూటర్లలో, ఒక్కటీ లేవలేదు. వాటిని లేపాలంటే సర్వర్ పాస్‌వర్డ్ కావాలి. పదహారు అక్షరాలు, ఎవరికి గుర్తుంటాయి? భద్రంగా ఉంటుందని ఆ ఆరింటిలో ఒకదానిలోనే దాచాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

రేపు పొద్దున్నే పిల్లల ప్రాక్టికల్ పరీక్ష. అంతా ఆ మెషీన్ల మీదే.

ల్యాబ్ అటెండర్ రాజక్క నా అవస్థ చూసింది. "గంత పరేషాన్ ఎందుకు సారూ? మీరు లీవ్ పెట్టిన్నాడు ఫోన్ల చెప్తే, గా గోడ క్యాలెండర్ మీద రాసిన గదా."

రాసింది, నిజమే. పాస్‌వర్డ్ గోడ మీద రాస్తారా అని పోయిన నెల అందరి ముందు ఆమె మీద అరిచింది నేనే. మార్కర్‌తో కొట్టేసిందీ నేనే.

అయినా ఆశ చావక, పాత నెల కాగితం చింపి, ఇద్దరం కిటికీ వెలుగుకు పట్టి చూశాం.

"ఒక్క అక్షరం సుత కనవడ్తలేదు సారూ," అంది రాజక్క. "మంచిగ కొట్టేసిన్రు."

ఆమె నవ్వలేదు. నవ్వినా బాగుండేది.