గునపం దించని వారం

ఏప్రిల్ 6, ఆదివారం

చర్చి నుంచి వస్తుంటే రమణి దారిలో ఆపింది. ఐదో నెలట. పక్కింట్లోనే ఉంటూ ఇన్నాళ్లూ నాకు చెప్పలేదు. చెప్పేటప్పుడు కూడా మొహంలో సిగ్గు లేదు, భయమే ఉంది. పోయినసారి కాన్పు విశాఖపట్నంలో, అపార్ట్‌మెంట్లు కడుతున్న సైట్‌లో, రేకుల షెడ్డులో అయింది. బిడ్డ దక్కలేదు. అక్కడే ఓ మూల పూడ్చేశారు. ఆ మూల మీద ఇప్పుడు కార్ల పార్కింగ్ కట్టారట.

ఈసారి సచ్చినా కొండ దిగను, అరకు ఆస్పత్రిలోనే కంటాను అంది. ఉపాధి పని బేగి పెట్టక్కా, ఇద్దరం ఇక్కడే ఉండిపోతాం అని బతిమాలింది. నేనేదో కలెక్టర్నైనట్టు! నేను మేట్‌ని. పనికొచ్చిన వాళ్లని వరసలో నిలబెట్టి, ఫోన్లో ఫోటో తీసి పంపుతాను. బి.ఏ. ఎకనామిక్స్ చదివి నేను వెలగబెడుతున్న ఉద్యోగం ఇదే.

ఏప్రిల్ 9

వడ్డీ రేటు తగ్గించారని రేడియోలో చెప్పారు. మనకేటొస్తాదే అని అమ్మ అడిగింది. ఏం రాదమ్మా అనేశాను. తర్వాత ఆలోచిస్తే, వస్తుంది. రమణి మొగుడు భీముడు నిరుడు సైట్ నుంచి ఎందుకొచ్చేశాడు? లోన్లు ప్రియమయ్యాయి, ఫ్లాట్లు అమ్ముడుపోలేదు, బిల్డరు టవర్ని సగంలో వదిలేశాడు. వీళ్ల కూలీ కూడా సగం ఎగ్గొట్టాడు. ఇప్పుడు వడ్డీ తగ్గింది కాబట్టి ఆ టవర్ మళ్లీ లేస్తుంది. మేస్త్రీ జగదీష్ మళ్లీ ఫోన్ చేస్తాడు. ఎక్కడో ఎవరో ఒక అంకె మారుస్తారు, మా పక్కింటి తలుపుకి తాళం పడుతుంది. కాలేజీలో ఇది నాకు పది మార్కుల ప్రశ్న. ఎనిమిది వచ్చాయి.

ఏప్రిల్ 12

పని వచ్చింది! కాఫీ తోటల వాలులో నీటి కందకాలు తవ్వాలి. ఫీల్డ్ అసిస్టెంట్ వరహాలరావు బండేసుకుని వచ్చి మరీ చెప్పాడు. సాలూరు మనిషి, మంచోడే. ఈ ఏడు పైనుంచి బడ్జెట్టే తక్కువట. సోమవారం మొదలెట్టాలట. ఆ వారం మా ఊరి ఫోటోలు పడకపోతే ఇక్కడ పని అడిగే వాళ్లే లేరని రాసుకుని, డబ్బు వేరే పంచాయతీకి మళ్లిస్తారట.

సోమవారం నుంచే ఇటుకల పండగ, విత్తనాలు చల్లే ముందు వారం పాటు చేసేది. పండగ అయ్యేదాకా మా ఊళ్లో నేలలోకి గునపం దించరు. విత్తనాల పూజ జరిగాకే తవ్వకం. ఆ మాట చెప్తే వరహాలరావు నవ్వాడు. పండగనేసి పని మానేత్తారేటి మేడమ్, కంప్యూటర్‌కి పండగలు తెల్దు అని హెల్మెట్ పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఏప్రిల్ 13, సాయంత్రం

మా చర్చి వాళ్లకి ఈ పండగ లేదు. మేం పది మందిమి వెళ్లి తవ్వితే చాలు, పని మొదలైనట్టే. పండగయ్యాక ఊరంతా వచ్చి చేసుకోవచ్చు. ప్లాన్ బాగానే ఉంది అనుకుని ఊరి పెద్ద మంగ్లు తాతకి చెప్పడానికి వెళ్లాను. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. మీ దేవుడు వేరే, సరే, నేల మాత్రం ఒకటే గదమ్మా అని ఊరుకున్నాడు. తిట్టినా బాగుండేది.

ఇంటికొచ్చేసరికి అరుగు మీద రమణి. నా రెండు చేతులూ పట్టేసుకుంది. తవ్వొద్దక్కా, నేను కడుపుతో ఉన్నాను, నేలకి దెబ్బ తగిలితే నా బిడ్డకి తగులుతాది అంది. ఓసి పిచ్చి గుంటా, ఈ పని నీ కోసమేనే అని అరిచాను. వినదే! పోయినసారి పండగ రోజుల్లోనే సైట్‌లో పునాదులు తవ్విందట. అందుకే ఆ బిడ్డ పోయిందట. ఇన్నాళ్లూ ఆ మాట ఎవరికీ చెప్పలేదట. వెక్కి వెక్కి ఏడ్చింది.

సరే, తవ్వంలే అన్నాను. వారమే కదా, ఆఫీసుకెళ్లి నేను మాట్లాడతాను అని మాటిచ్చాను.

ఏప్రిల్ 14

ఫోటో పంపలేదు.

ఏప్రిల్ 17

డప్పులు. రోడ్డు మీద ఆడవాళ్లు కర్ర అడ్డం పెట్టి టూరిస్టుల కార్లు ఆపి పజోరు డబ్బులు, అంటే పండగ చందా, అడుగుతున్నారు. వాళ్లు పదో పరకో ఇచ్చి సెల్ఫీ దిగుతున్నారు. భీముడు వేటకెళ్లి ఉత్త చేతులతో వచ్చాడు. అలా వచ్చినవాడికి పేడనీళ్లు తప్పవు. రమణే చెంబుడు కుమ్మరించింది. కడుపు పట్టుకుని ఎంత నవ్విందో! దాన్ని అలా చూసి చాలా కాలమైంది. నాకూ నవ్వొచ్చింది.

ఆఫీసులో ఓ మాట చెప్పమందామంటే వరహాలరావు ఫోన్ ఎత్తడం లేదు.

ఏప్రిల్ 22

పూజ అయిపోయింది. తెల్లారేసరికి ఊరంతా గునపాలు, పారలు పట్టుకుని వాలు మీదికి వచ్చేశారు. రమణి మట్టి మొయ్యడానికి తట్ట తెచ్చుకుంది. ఫోన్ తెరిచాను. మా పని లిస్టులో లేదు. సిగ్నల్ అందడం లేదేమోనని పెద్ద రాయెక్కి మళ్లీ చూశాను. లేదు. కింద అందరూ నన్నే చూస్తున్నారు. ఆ రాయి మీంచి దిగబుద్ధి కాలేదు.

ఏప్రిల్ 24

ఉపాధి ఆఫీసుకెళ్లాను. మీ ఊరి డిమాండ్ జీరో అన్నాడు అక్కడి సారు. కాఫీ ఉంది, టూరిజం ఉంది, మీకు కూలి పనితో అవసరం తీరిపోయినట్టే కదా అన్నాడు. పండగ సంగతి చెప్పాను. అర్జీ రాసివ్వమ్మా, వచ్చే ఏడు చూద్దాం అన్నాడు. వచ్చే ఏడు దాకా రమణి కడుపు ఆగుతుందా? ఆ మాట అక్కడ అనలేకపోయాను. బస్సెక్కాక అనుకున్నాను, లాభమేముంది.

వరహాలరావు బయటికొచ్చి టీ ఇప్పించాడు. పనులు తగ్గితే ఫీల్డ్ అసిస్టెంట్లనీ తీసేస్తారట. ఇద్దరు పిల్లలతో తన పరిస్థితీ అంతేనన్నాడు. తిడదామనే వెళ్లాను. తిట్టలేకపోయాను.

మే 11

భీముడు పని కోసం పార్వతీపురం దాకా వెళ్లి వచ్చాడు. అక్కడ వీధికొక భీముడున్నాడట. రమణి అడ్డాకులు కుడుతోంది. ఆకుల కట్టకి వచ్చేది దాని నడుం నొప్పి మాత్రకి సరిపోదు.

జూన్ 6

వడ్డీ మళ్లీ తగ్గించారు. ఇల్లు కొనుక్కునే వాళ్లకి మంచి రోజులని రేడియోలో ఒకటే సంబరం.

జూన్ 8, ఉదయం ఆరు

జగదీష్ ఫోన్ చేశాడట. ఒంటి మనిషి వద్దట, జంటగా వస్తేనే షెడ్డు ఇస్తాడట. భీముడు ఇటుకలు మొయ్యాలి, రమణి గోడలకి నీళ్లు కొట్టాలి.

నా దగ్గర ఉండిపోవే అన్నాను. నీకెవరు పెడతారక్కా, నీకూ పని లేదు గదా అంది. నిజమే. కూలీలు లేకపోతే మేట్ ఎందుకు? అమ్మ పెన్షన్ మీద తింటున్నాను. అయినా ఇంకొక్కసారి గట్టిగా అడగాల్సింది.

జూన్ 9

వానలో మొదటి బస్సుకి వెళ్లిపోయారు. తట్ట నా అరుగు మీద పెట్టింది. వచ్చాక తీసుకుంటానంది.

జూలై 3

ఉపాధి ఆఫీసులో మీటింగ్. కూలి పని మీద ఆధారపడటం తగ్గిన ఊళ్లలో మాదీ ఉందట. నన్ను లేపి నిలబెట్టి చప్పట్లు కొట్టించారు. ఊళ్లో సగం ఇళ్లకి తాళాలున్నాయని చెప్పొచ్చు. చెప్పలేదు. మేట్ పేరు కూడా తీసేస్తారని భయం. ఛీ, నా బతుకు.

వడ్డీ ఎల్లకాలం ఇలా ఉండదు. ఏదో ఒక రోజు పెంచుతారు. టవర్లు ఆగుతాయి, అందరూ కొండెక్కి వచ్చేస్తారు. ఆ రోజు ఇక్కడ పని ఉండదు, ఎందుకంటే ఈ ఏడు ఎవరూ అడగలేదని రాసుకున్నారు. ఈ ప్రశ్న నాకు కాలేజీలో రాలేదు.

జూలై 21

భీముడు ఫోన్ చేశాడు. నెలలు నిండకుండానే, నీళ్ల పైపు లాగుతుంటే నొప్పులొచ్చాయి. అదే షెడ్డు. ఆడగుంట. ఏడవలేదు. రమణికి ప్రాణాపాయం లేదు. అక్కడే ఎక్కడైనా పూడ్చేద్దామని మేస్త్రీ అన్నాడట. రమణి ఇవ్వలేదు. దుప్పట్లో చుట్టి, నిద్రపోతున్న బిడ్డలా ఒళ్లో పెట్టుకుని బస్సులో వస్తున్నారు. పక్క సీట్ల వాళ్లు బిడ్డకి ఎన్నో నెల అని అడుగుతున్నారట.

యేసయ్యా.

జూలై 22

ఇంటి వెనక చోటు మంగ్లు తాత చూపించాడు. భీముడు గునపం ఎత్తి, మళ్లీ కింద పెట్టేశాడు. అరుగు మీది తట్ట తెచ్చాను, మట్టి ఎత్తడానికి.

ఇయ్యాల పండగేటీ కాదు గదక్కా, తవ్వొచ్చు గదా అని రమణి అడిగింది.

తవ్వొచ్చు అన్నాను. గునపం నేనే దించాను.