ఎదురుగా మనిషి లేరు

ద్వారక, ఢిల్లీ, మే 4

చిరంజీవి స్నిగ్ధకు శేషగిరి అంకుల్ ఆశీస్సులు.

మన సొసైటీ నీళ్ళ మోటారుకు నువ్వు రాసిచ్చిన ప్రోగ్రాం ఈ పొద్దున్న ఐదింటికి దానంతటదే మొదలై, “మోటారు వేయమంటారా? అవును/కాదు” అని అడిగింది. ఆ వేళకు ఆఫీసు గదిలో ఎవరుంటారమ్మా? ఎనిమిదింటికి నేను వెళ్ళేసరికి ఇంకా జవాబు కోసం ఎదురుచూస్తూనే ఉంది. నూట ఇరవై ఫ్లాట్లకు స్నానాల్లేవు. పద్దెనిమిదిన సెక్రటరీ ఎన్నిక.

ఇట్లు,
శేషగిరి, సెక్రటరీ

తా.క. నా మీద పోటీ చేస్తున్న రఘునందన్ వాట్సాప్ గ్రూపులో ఉన్నాడు. అందుకే ఈ మెయిల్.

గుర్‌గావ్, మే 5

అంకుల్‌కి నమస్కారాలు.

తప్పు నాదే. సరిచేసి పంపాను. ఇకనుంచి ఎదురుగా మనిషి ఉన్నారో లేదో ముందు చూసుకుంటుంది. ఉంటే అడుగుతుంది, లేకపోతే అడక్కుండానే మోటారు వేస్తుంది.

మీ
స్నిగ్ధ

ద్వారక, మే 8

స్నిగ్ధకు,

ఈ రోజు ఐదింటికి స్నానం చేసి, కళ్ళజోడు పెట్టుకుని, కంప్యూటర్ ముందు కూర్చుని నేనే ప్రోగ్రాం నడిపాను. రికార్డు కోసం దాని మాటలన్నీ ప్రింటరుకు మళ్ళించాను. కాగితం మీద ఏం వచ్చిందో తెలుసా? “ఎదురుగా మనిషి లేరు.” తేదీ, టైముతో సహా.

ప్రింటరు దగ్గర మరిచిపోయిన ఆ కాగితాన్ని రఘునందన్ లిఫ్టులో అంటించాడు. కింద “సెక్రటరీ సీటు ఖాళీ” అని హిందీలో రాశాడు.

శేషగిరి

తా.క. మీ సుభాషిణి ఆంటీ కూడా లిఫ్టులో చదివింది. ఇంటికొచ్చి నన్ను కాసేపు పరీక్షగా చూసింది.

గుర్‌గావ్, మే 9

అంకుల్,

అది మిమ్మల్ని చూడదు. తన మాటలు తెరమీదికి వెళ్తున్నాయా లేదా అన్నదే చూస్తుంది. వెళ్తుంటే మనిషి ఉన్నట్టు, కాగితానికి వెళ్తుంటే లేనట్టు అనుకుంటుంది. మీరు నడిపితే తెరమీదికి వెళ్తాయి, దానంతటదే మొదలైతే ఇప్పుడు వెళ్ళవు. ప్రింటరు వదిలేయండి. మనిషి ఉన్నారో లేదో, నీళ్ళెప్పుడొచ్చాయో రోజూ ప్రోగ్రామే ఒక ఫైల్లో రాసుకుంటుంది. ఎన్నిక మీటింగులో ఆ ఫైలు చూపించండి.

స్నిగ్ధ

ద్వారక, మే 19

చిరంజీవి స్నిగ్ధకు,

నువ్వు చెప్పినట్టే చేశాను. నిన్న మీటింగులో ఫైలు చదివి వినిపించాను. నేను కూర్చున్న ప్రతిరోజూ “ఎదురుగా మనిషి ఉన్నారు” అని స్పష్టంగా ఉంది. చప్పట్లు కొట్టారు.

అప్పుడు రఘునందన్ పక్క వరుస కూడా చదవమన్నాడు. మనిషి లేని రోజుల్లో నీళ్ళు ఐదింటికే వచ్చాయి. నేనున్న రోజుల్లో ఐదూ నలభైకి. నేను ప్రశ్న మొత్తం చదివి, ట్యాంకు చూసొచ్చి, అప్పుడే “అవును” కొడతాను కదా.

రఘునందన్ తను నెలలో ఇరవై రోజులు ఊళ్ళో ఉండనని మనవి చేసుకున్నాడు. భారీ మెజారిటీతో గెలిచాడు.

నేనున్నానని మాత్రం రుజువైంది. నీకు కృతజ్ఞతలు.

ఇట్లు,
శేషగిరి, ఫ్లాట్ 302

తా.క. కొత్త సెక్రటరీ ఈ పొద్దున్నే పుణె వెళ్ళాడు. వెళ్తూ మా తలుపు కొట్టి, ఆఫీసు తాళంచెవి నా చేతిలో పెట్టి, “అంకుల్, మీరెలాగూ ఉంటారు కదా” అన్నాడు. తీసుకున్నాను.