నేల గడ్డకట్టేలోపు

అక్టోబర్ 2

జూనిపర్ ఇవాళ కూడా గడ్డి నమిలి ఉమ్మేసింది. తొట్టి చుట్టూ ఉండలే. ముసలి గుర్రానికి పళ్ళు అరిగిపోయాయి, వెనక కాలు నేల మీద మోపడం లేదు. ఈ చలికాలం దాటదు. మంచులో పడి, లేవలేక, రోజంతా కొట్టుకుని చస్తుంది. అలా చావనివ్వను.

మోంటానాలో ఎవరి గుర్రాన్ని వాళ్ళే ఒక్క గుండుతో సాగనంపాలి. ఆ పని పొరుగువాడి నెత్తిన పెడితే తర్వాత వాడి మొహం చూడలేం. హార్లన్ ఉంటే తనే చేసేవాడు, గుర్రం తనది కదా. ఏప్రిల్‌లో మొగుడు పోయాడు, గుర్రం నాకు మిగిలింది. నేల గడ్డకడితే గొయ్యి తవ్వడం కుదరదు. అంటే ఈ నెలలోనే.

అక్టోబర్ 5

హార్లన్ రివాల్వర్ బయటికి తీశాను. పొడుగు గొట్టం. ఎత్తి పట్టుకోగానే కుడి మణికట్టు నుంచి మోచేతి దాకా మంట. బొటనవేలూ దాని పక్క రెండు వేళ్ళూ మొద్దుబారిపోయాయి. జారి కాలి పక్కన పడింది. గుళ్ళు వేయలేదు కాబట్టి సరిపోయింది.

గురి తప్పితే? సగం చచ్చి పరిగెడితే? ఆ ఆలోచనతో అన్నం కూడా సయించలేదు.

అక్టోబర్ 6

క్లినిక్‌కి వెళ్ళాను. నర్స్ మార్లీస్ చెయ్యి వంచి, తట్టి, కార్పల్ టనెల్ అంది. మణికట్టులో నరం నలిగిపోతోందట. ఇన్నేళ్ళు గొర్రెల ఉన్ని కత్తిరించి, ఇప్పుడొచ్చావా వెర్నా, చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం అని చీవాట్లు పెట్టింది. పట్టీ ఇచ్చింది. పడుకునేటప్పుడు కట్టుకోవాలట, చెయ్యి మడుచుకుని పడుకోకూడదట, బకెట్లు మొయ్యకూడదట. నువ్వొచ్చి మోస్తావా అన్నాను. నవ్వి, మణికట్టులో ఇంజెక్షన్ వేసింది. నొప్పి తగ్గుతుంది గానీ తిమ్మిరి పోవాలంటే ఆపరేషనేనట.

తుపాకి సంగతి చెప్పలేదు.

అక్టోబర్ 10

టౌన్‌లో తుపాకుల షాపు. గడ్డం కుర్రాడు ముందు పిస్టల్ చేతిలో పెట్టాడు. దాని పైభాగం వెనక్కి లాగాలి. రెండు చేతులతో లాగినా కదల్లేదు. పాపం అన్నట్టు చూసి తను లాగిచ్చాడు. చెంప పగలగొట్టాలనిపించింది.

అయితే ఇది తీసుకోండి మేడమ్, ఆడవాళ్ళందరూ ఇదే అడుగుతారు, ఈకలా ఉంటుంది అంటూ బుల్లి రివాల్వర్ చూపించాడు. నొప్పి చేతికి తేలికదే మంచిదని నా బుర్రకీ తోచింది. కొనేశాను.

అక్టోబర్ 11

ఒక్కసారి పేల్చాను. గాడిద తన్నినట్టు తన్నింది. ఐస్‌లో చెయ్యి పెట్టుకుని కూర్చుని ఏడ్చాను.

అక్టోబర్ 14

పక్క రాంచ్ డెల్బర్ట్ వచ్చాడు. బల్ల మీద తుపాకి చూసి పగలబడి నవ్వాడు. ఓసి పిచ్చిదానా, బరువున్న తుపాకి అయితే ఆ తన్నుడంతా తనే మింగుతుంది, తేలికదైతే తెచ్చి నీ మణికట్టు మీద పడేస్తుంది, ఇంతకాలం హార్లన్ పక్కన ఉండి ఇదే నేర్చుకున్నావా అన్నాడు. హార్లన్ నన్ను తుపాకి ముట్టుకోనిచ్చాడా ఏమన్నా అన్నాను.

కాఫీ తాగాక గొంతు తగ్గించి, నేను చేసిపెట్టనా వెర్నా అన్నాడు. నా గుర్రానికి నేను లేనా అన్నాను. మరీ కటువుగా అన్నాను. అతను టోపీ తిప్పుకుంటూ, గొయ్యి అయినా తవ్వనీ అన్నాడు. సరే అన్నాను.

అక్టోబర్ 16

మళ్ళీ షాపు. తుపాకి ఎందుకో ఈసారి చెప్పాను. గడ్డం కుర్రాడు చేతిలో గుడ్డ పక్కన పెట్టాడు. ముందే చెప్పాల్సింది మేడమ్ అన్నాడు మెల్లగా. అడిగావా అన్నాను. ఆ ఈక తుపాకిని వెనక్కి తీసుకుని బరువైన ఉక్కు రివాల్వర్ ఇచ్చాడు. పిడికి లావు రబ్బరు. ఎడమ బొటనవేలితో తుపాకి వెనకుండే సుత్తిని వెనక్కి నొక్కిపెట్టుకుంటే ట్రిగ్గర్ ముట్టుకుంటే చాలట. మణికట్టు వంగకుండా పట్టీతోనే పేల్చమన్నాడు. వాళ్ళ నాన్న గుర్రాన్ని పోయినేడు తనే సాగనంపాడట. తలుపు దాకా వచ్చి దింపాడు.

అక్టోబర్ 19

డబ్బాల మీద పేల్చాను. పడ్డాయి. చెయ్యి తట్టుకుంది. మంట పోయింది గానీ తిమ్మిరి అలాగే ఉంది. ట్రిగ్గర్ మీద వేలుందో లేదో కళ్ళతో చూసుకుంటే గానీ తెలియడం లేదు.

డెల్బర్ట్ కంచె అవతల గొయ్యి తవ్వి వెళ్ళాడు. జూనిపర్ కుంటుకుంటూ వెళ్ళి అంచున నిలబడి లోపలికి చూసింది. మెడ పట్టుకుని వెనక్కి తీసుకొచ్చాను.

అక్టోబర్ 21

ఎండ బాగుంది. ఇవాళ వద్దు.

అక్టోబర్ 23

గంజి తాగింది. బకెట్ నాకింది కూడా. ఇంకో నెల ఉంటుందేమో? ఎవరిని మోసం చేస్తున్నాను?

అక్టోబర్ 24

గొయ్యి అంచు మట్టి పార దిగనంత గట్టిపడింది. తూర్పు గాలి. డెల్బర్ట్ ఫోన్ చేసి, రేపు దాటితే పూడ్చడానికి మట్టి కూడా రాదు వెర్నా, రానా అన్నాడు. అయ్యాక రా అన్నాను.

అక్టోబర్ 25

పొద్దున్నే ఆపిల్స్ ఉడకబెట్టి మెత్తగా నలిపి పెట్టాను. అన్నీ తింది. మూతి నా కోటుకి తుడుచుకుంది. గొయ్యి దగ్గరికి పిలిస్తే వచ్చింది. నేను పిలిస్తే ఎప్పుడూ వస్తుంది.

పద తల్లీ, ఆయన దగ్గరికి పద అన్నాను. ఎడమ బొటనవేలితో తుపాకి సుత్తిని వెనక్కి నొక్కాను. ట్రిగ్గర్ మీద వేలుందని కళ్ళతో చూసుకున్నాను.

ఒక్కటే గుండు. నిలబడిన చోటే కూలింది.

డెల్బర్ట్ వచ్చి టోపీ తీశాడు. పూడ్చి వెళ్ళాడు.

కుడి బొటనవేలికి తెలియలేదు. చూపుడు వేలికి తెలియలేదు. నడిమి వేలికీ తెలియలేదు. తిమ్మిరి లేని చిటికెన వేలు మాత్రం ఇంకా వణుకుతోంది.

నవంబర్ 3

మార్లీస్ ఫోన్. ఆపరేషన్‌కి తేదీ దొరికిందట. అయ్యాక వేళ్ళకి అన్నీ మళ్ళీ తెలుస్తాయట.

ఇప్పుడే వద్దన్నాను.