కడిగిన నాలుక

గౌరవనీయులైన బావగారికి,

నమస్కారాలు. అక్క మోకాలినొప్పి తగ్గిందని తలుస్తాను. మీ వ్యాఖ్యానం ఎన్నో పద్యం దగ్గర ఆగిందని అడగను; అడిగితే అక్కడినుంచే మొదలుపెడతారు.

ఎల్లుండినుంచి ఏడు రోజులు నోరు కట్టేసుకుంటున్నాను. ఋతువు మారే వేళ ఒంట్లో పేరుకున్న మలినాలు పోవడానికి ఇక్కడ చెప్పుల దుకాణం మీది హాల్లో ఒక ఉపవాస శిబిరం నడుస్తోంది. ఉదయం గోరువెచ్చని తేనెనీళ్లు, మధ్యాహ్నం కూరగాయలు ఉడికించిన నీళ్లు, సాయంత్రం పలచటి బార్లీ జావ. నడిపేది ఒక మాజీ వ్యాయామం మాస్టారు. నా నాలుక చూసి, "దీనిమీద ముప్ఫై ఏళ్ల పొర ఉందండీ, పలకలా తుడిచేస్తాను" అన్నాడు.

మీరు నవ్వకముందే కారణం చెబుతాను. పన్నెండు తెల్లకప్పుల టీ వరసగా పెడితే చెంచాడేసి పీల్చి, ఉమ్మి, ఏది మేలురకమో తేల్చడం నా వృత్తి అని మీకు తెలుసు. ఈ ఏడాది కొత్త పంటకు ముందు యజమాని మాకు పరీక్ష పెడుతున్నాడు. నాకూ, నా పక్కన కూర్చునే ఆవిడకూ మధ్య తెర కడతారట. తప్పినవాళ్లు ఇంటికి. యాభై ఏడేళ్ల వయసులో మొదటి కుర్చీ పోతే నేనిక ఎవరినో నాకే తెలియదు. నాలుక ఈమధ్య కాస్త మందగించినట్టుంది; తుడిచి వెళ్లడం మంచిది కదా.

అక్కకు నమస్కారాలు.

ఇంకా భోంచేస్తూనే ఉన్న,
మీ బావమరిది

*

ప్రియమైన బావమరిదికి,

ఆశీస్సులు. నీ ఉత్తరాన్ని భోజనం చేస్తూ చదివాను. దానికి అంతకన్న తగిన సమయం తోచలేదు.

"లంఘనం పరమౌషధం" అన్న మాటను మీ మాస్టారు ఈపాటికి గోడకెక్కించే ఉంటాడు. అజీర్తితో మూలుగుతూ పడుకున్నవాడికి చెప్పిన మాట అది. చెప్పుల దుకాణం మెట్లెక్కి వచ్చినవాడికి చెప్పినది కాదు. పూర్వులూ పస్తున్నారు. అయితే వారు పస్తున్న సంగతి పక్కింటికి తెలిసేది కాదు. నీవు మొదటి గుక్క తేనెనీళ్లయినా తాగకముందే ఊరికి ఉత్తరం రాశావు. ఏడాదిలో యాభైయొక్క వారాలు కనిపించినదల్లా మింగి, ఒక్క వారం మాని, శుద్ధుడనయ్యానని చంకలు కొట్టుకోవడమంటే, ఏడాదంతా అబద్ధమాడి ఒక పూట మౌనం పట్టి సత్యవ్రతుడనని ఊరేగడమే.

ఇక ఆ మాస్టారి పట్టా నాలుక గీసుకోవడానికి కూడా పనికిరాదని నా నమ్మకం. నీవు సరిగ్గా ఆ పనికే అతణ్ణి ఆశ్రయించావు కనుక నీ వివేకాన్ని మెచ్చుకోవాలి.

నీ ఉత్తరం చదివి వినిపిస్తే మీ అక్క నవ్వలేదు. "చిన్నప్పుడు వాడు అన్నం మానేశాడంటే కోపమైనా వచ్చి ఉండాలి, భయమైనా వేసి ఉండాలి. కోపమొస్తే అరిచేవాడు. ఇప్పుడు అరవడం లేదు. ఏమిటో కనుక్కోండి" అంది. నేను కనుక్కోను. ముప్ఫై ఏళ్ల నైపుణ్యం గజం గుడ్డ అడ్డం కడితే పారిపోతుందా? పోయేదైతే అది నైపుణ్యమే కాదు.

రెండవసారి వడ్డించుకుంటూ,
నీ బావ

*

గౌరవనీయులైన బావగారికి,

ఇది నాలుగో రోజు. తల తేలికగా ఉంది, కాళ్లు మరీ తేలికగా ఉన్నాయి; మెట్లమీద గోడ పట్టుకుంటున్నాను. మీ వెటకారం అందింది. ఆకలిగా ఉన్నవాడు ఏదైనా మింగుతాడు కనుక దాన్నీ మింగాను.

ఫలితం మాత్రం అద్భుతం! నాలుక గులాబిరేకులా ఉంది, అద్దంలో చూసుకున్నాను. మాస్టారు కూడా చూసి, "ఇక మీరు నీళ్లు తాగి ఏ బావివో చెబుతారు" అన్నాడు. శిబిరంలో ఉన్నవాళ్లంతా కాకరకాయ మొహాలతో ఒకరి నాలుక ఒకరికి చూపించుకుంటున్నారు. వాళ్లను చూస్తే నాకే అసహ్యం వేస్తుంది. నేను వృత్తికోసం వచ్చాను, వాళ్లు నడుముకోసం వచ్చారు.

పరీక్షంటారా, నాకు దిగులెందుకు? నాకు పోటీ ఎవరని! పంతొమ్మిదేళ్ల కిందట ఆకు ఏరే కొట్టంనుంచి వచ్చి రెండో కుర్చీలో కూర్చున్న ఆవిడ. టీకి నా దగ్గర నలభై మాటలున్నాయి. ఆవిడకు ఉన్నవి రెండే, "బాగుంది", "బాలేదు". మిగతాదంతా మొహం. కప్పుకో మూతి, చెంచాకో కనుబొమ. పులుపు తగిలితే చిన్నపిల్లకు ఆముదం పోసినట్టే. పాపం, ఎక్కడ పొరబడుతుందోనని రెండేళ్ల కిందట నేనే ఒక నియమం పెట్టాను: ముందు ఆవిడ, తర్వాత నేను. దిద్దే చెయ్యి చివర ఉండాలి కదా.

అక్కను దిగులు పడొద్దనండి.

గాలిలో నడుస్తున్న,
మీ బావమరిది

*

ప్రియమైన బావమరిదికి,

ఆశీస్సులు. గులాబిరేకు నాలుకను అద్దంలో చూసుకుని మురిసిపోయే పెద్దమనిషికి నేను చెప్పదగినది లేదు. కన్నులు చేయవలసిన పని కన్నులది, నాలుక చేయవలసిన పని నాలుకది. నీ ఉత్తరమంతా వెతికాను, ఆ నాలుకతో నీవు ఏదైనా రుచి చూసినట్టు ఎక్కడా లేదు. కత్తికి ఒర చేయించి యుద్ధం గెలిచానన్నట్టుంది.

నీతోటి ఉద్యోగినిని గురించి రాసిన నాలుగు వాక్యాలు నాకు నచ్చలేదు. రెండు మాటలతో పంతొమ్మిదేళ్లు నెగ్గుకొచ్చిన మనిషికి నలభై మాటలవాడు జాలిపడడం, గురివింద తన కింది నలుపు మరచి పక్కగింజను వెక్కిరించడమే.

మీ అక్క ఒకటి అడగమంటోంది. నేను వద్దన్నాను, వినలేదు. కిందటి నెల నీవు వచ్చిన ఉదయం తను చూసుకోక నీకిచ్చిన గ్లాసులో పాలు విరిగి ఉన్నాయట. నీవు వెళ్లాక గిన్నె మూత తీసి ముక్కు మూసుకుందట. నీవేమో గుటగుటా తాగి, "అక్కా, నీ చేతి పాలే వేరు" అన్నావు. అది నేనూ విన్నాను. మొహమాటానికి పుట్టి ముఖస్తుతితో పెరిగినవాడివి కనుక నాకు వింతనిపించలేదు, అదే తనతో చెప్పాను. "మొహమాటానికి ఒక గుక్క తాగుతారండీ, గ్లాసెడు తాగరు. వాడికి వాసన తెలియడం లేదు" అంటుంది. నా నవ్వు ఆమెకు రుచించలేదు. నా భోజనం వంటింటి గడప అవతలే ఆగిపోయింది.

ఒక్క ముక్కలో జవాబు రాయి, ఈ ఇంట్లో ఇంకొకడు కూడా ఉపవాసం చేయవలసి రాకుండా.

నీ బావ

*

గౌరవనీయులైన బావగారికి,

ఒక్క ముక్కలో జవాబు: తెలియడం లేదు.

మీ ఉత్తరం పరీక్షనాటి ఉదయమే అందింది. అంతకుముందే ఉపవాసం విడవడానికి ఒక నారింజ ఒలిచాను. మొదటి తొన నోట్లో వేసుకున్నాను. చల్లగా ఉంది, తడిగా ఉంది. అంతే. కాయంతా తిన్నాను, తొక్క కూడా కొరికాను. అప్పుడు కవరు చించితే లోపల అక్క ప్రశ్న. ఏడు రోజులు కడిగింది ఖాళీ గిన్నెనని తెలిసింది.

రెండేళ్ల కిందట వచ్చిన జ్వరం తగ్గింది, వాసనా రుచీ తిరిగి రాలేదు. ఇవాళ వస్తుంది, రేపు వస్తుందని ఆగాను. ఈలోగా ఆవిణ్ణి ముందు తాగమని, ఆ మొహం చూసి నేను నలభై మాటల్లోంచి ఒకటి ఏరి చీటీమీద రాసేవాణ్ణి. నన్ను దిద్దే చెయ్యి అన్నాను. దొంగ చెయ్యి అనాలి.

పరీక్షలో తెర నిజంగానే కట్టారు. అవతల ఆవిడ పీల్చే చప్పుడు వినిపిస్తోంది, మొహం కనపడదు. రంగు చూసి మూడు కప్పులు ఊహించాను. నాలుగోది ఎత్తి, మళ్లీ దించేశాను. యజమానిని పిలిచి, ఉన్నది చెప్పాను.

"మరి రెండేళ్లుగా ఈ చీటీలన్నీ ఎవరివండీ?" అన్నాడాయన.

"రాసింది నేను. తాగింది ఆవిడ."

ఆయన తెర పక్కకు లాగాడు. ఆవిడ తీరిగ్గా ఉమ్మి, మూతి తుడుచుకుంది.

"ఇప్పటికి చెప్పారా! నాకు రెండో నెల్లోనే తెలుసు" అంది. "అనుమానమొచ్చి ఒకరోజు మంచి టీ తాగి మూతి వికారంగా పెట్టాను. ఈయన ఆ పెట్టెలన్నీ వెనక్కి పంపించేశారు. మట్టివాసన అని రాశారు కూడానూ! అప్పట్నుంచి జాగ్రత్తగా, కాస్త పెద్దగా పెడుతున్నానండీ మొహం. సాయంత్రానికి దవడలు లాగేసేవి."

"మరి నాకెందుకు చెప్పలేదు?" అన్నాను.

"మీరు పోతే ఆ కుర్చీలో ఇంకో పొగరుబోతు కూచుంటాడు. కొత్తవాడికి నా మొహం చదవడం నేర్పే ఓపిక నాకు లేదు."

బావా, మీరు ఇన్నేళ్లుగా అలంకారాలతో నన్ను తిట్టిన తిట్లన్నీ కలిపినా ఆ మాట ముందు నిలవవు. మీరు నన్ను ముఖస్తుతివాణ్ణన్నారు. నిజానికి నేను ఒకరి ముఖంమీద బతికినవాణ్ణి.

మొదటి కుర్చీ ఆవిడకిచ్చారు. నన్ను పంపేయబోతే ఆవిడే అడ్డుపడింది: "ఈయన్ని ఉండనివ్వండి. నాకు రెండు మాటలే వచ్చు, కొనేవాళ్లకి బోలెడు కావాలి. రాసిపెడతారు." నేను జీతానికి ఒక మెట్టు, గౌరవానికి పది మెట్లు దిగాను. రేపు ముక్కు డాక్టరు దగ్గరకు వెళుతున్నానని అక్కకు చెప్పండి. రెండేళ్లు ఆలస్యమైనందుకు ఆయనా తిడతాడు. మాస్టారు నా నాలుక ఫొటో గోడకు పెట్టాడట; దాన్ని ఎవరైనా పీకేస్తే సంతోషిస్తాను.

నిన్న తొలిరోజు. ఆవిడ పీల్చింది, ఆగింది. అలవాటుకొద్దీ నేను "తేనెవాసన" అని రాసేశాను.

కాగితంలోకి తొంగి చూసి, "తేనా? తడిసిన అట్టపెట్టె. అది రాయండి" అంది.

"అట్టపెట్టె అని రాస్తే ఎవరు కొంటారండీ?"

"కొనకూడదనే."

కొట్టేసి, అట్టపెట్టె అనే రాశాను. రెండేళ్లలో నేను రాసిన మొదటి నిజమైన చీటీ అది.

రెండో కుర్చీనుంచి,
మీ బావమరిది