గ్రహణం రోజున గేటు తెరవండి

జార్ఖండ్ రాష్ట్రం, జంషెడ్‌పూర్, గోవింద్‌పూర్ కాపురస్తురాలు, కీర్తిశేషులు గేదెల తవిటయ్య గారి భార్య, గేదెల సూర్యకాంతం అను నేను, అరవై రెండేళ్ల వయసులో, ఎవరి ప్రోద్బలమూ లేకుండా రాయించి, చదివించుకుని విని, సంతకం చేసిన వీలునామా ఏమనగా:

నా ఊపిరితిత్తులు పాడయ్యాయి. తెలివి, జ్ఞాపకం పాడవలేదు. ఆ సంగతి డాక్టరు గారు రాసిచ్చిన కాగితం దీనికి జతపరిచాను. సాక్చిలోని అంతరిక్ష ప్రదర్శనశాలలో పెళ్లికి ముందు నుంచి ఉద్యోగ విరమణ దాకా గైడుగా పనిచేశాను. ఇందులో ఇంటి సంగతుల కంటే ఆ చోటి సంగతులే ఎక్కువ ఉంటాయి. వినేవాళ్లు ఓర్చుకోవాలి.

1. గోవింద్‌పూర్‌లోని నా రెండు గదుల ఇల్లు నా తదనంతరం నా కొడుకు నాగేంద్రబాబు, కోడలు బిందుప్రియ సమాన హక్కులతో అనుభవించవలెను. పత్రాల్లో కోడలి పేరు ముందు రాయించాలి. ఇంట్లోంచి పొమ్మనే మాట ఎప్పుడూ కోడలికే ఎదురవుతుంది. నాకు ఒకసారి ఎదురైంది.

2. మా అత్తగారు నూకమ్మ గారి బంగారు అడ్డబాస బిందుప్రియకు చెందవలెను. ఆ ముక్కునగ నా చేతికి ఎలా వచ్చిందో తెలిసి పెట్టుకోవాలని కింది సంగతి రాయిస్తున్నాను.

1995లో దీపావళి మర్నాడు పొద్దున్న సూర్యగ్రహణం పట్టింది. నాకు అయిదో నెల. బస్తీలో మా తెలుగువాళ్లంతా తలుపులు వేసుకున్నారు. ప్రదర్శనశాల మేడ మీద టెలిస్కోపు పెట్టి, సూర్యుడి బింబం తెల్ల అట్ట మీద పడేలా చేసి జనానికి చూపించడం ఆ రోజు నా పని. వెళ్లాను. నన్ను ఇంటికి ఈడ్చుకుపోదామని అత్తగారు వెనకాలే ఆటోలో వచ్చారు. వరసలో ఉన్నవాళ్లు దారి ఇవ్వలేదు. చేసేది లేక ఆవిడా వరసలో నిలబడ్డారు. వంతు వచ్చేసరికి అట్ట మీద సూర్యుడు కొరికిన రొట్టెలా ఉన్నాడు. ఆవిడ కళ్లార్పకుండా చూసి, నా పని అయ్యేదాకా మెట్ల మీద కూర్చున్నారు.

ఫిబ్రవరిలో నాగేంద్రబాబు పుట్టాడు. పై పెదవి ముక్కు దాకా చీలి ఉంది. గ్రహణం మొర్రి అన్నారు. మన భాషలో దానికి పేరే అది, నేరం ఎవరిదో ఆ పేరే చెప్పేస్తుంది. మా ఆయన పిల్లాణ్ణి ఎత్తుకోలేదు. ఉద్యోగం మానెయ్యి, లేదంటే పుట్టింటికి పో అన్నారు. వీధిలోవాళ్లు చూడవచ్చి, గుమ్మంలోనే నిలబడి నా గురించి మాట్లాడుకుంటుంటే అత్తగారు మనవణ్ణి ఒళ్లో వేసుకుని అన్న మాట ఇది: "గెరనం నా కోడలొక్కత్తే సూసిందేటి? నానూ సూసినాను. మరి నా మూతి సీలిపోనేదేటి?"

ఆ తర్వాత ఎవరూ ఏమీ అనలేదని రాయిస్తే అబద్ధమవుతుంది. ఆవిడ వినేలా మాత్రం అనలేదు. ఆపరేషన్‌కి పిల్లాణ్ణి కలకత్తా తీసుకువెళ్లింది ఆవిడా నేనూ. కడుపులో బిడ్డకు పెదవి రెండో నెలలోనే అతుక్కుంటుందనీ, గ్రహణం వచ్చేసరికే ఆ గడువు దాటిపోయిందనీ అక్కడి డాక్టరమ్మ చెప్పారు. అత్తగారు ఆ మాట మళ్లీ చెప్పించుకుని విన్నారు. కుట్లు మానాక మా ఆయన బిడ్డను ఎత్తుకున్నారు. తర్వాత మంచి తండ్రే అయ్యారు, అదీ రాయించాలి. పోయేముందు అత్తగారు అడ్డబాస తీసి నా చేతిలో పెట్టారు.

3. ప్రదర్శనశాల మేనేజరు గౌరీశంకర్ గారికి నా స్టీలు ఫ్లాస్కు. మా ఆయన ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ నన్ను స్కూటరు మీద దింపినందుకు. ఆయన మంచివారే. గొడవలంటే మహా భయం. ఒక గ్రహణం నాడు ఎవరో వచ్చి గేటు దగ్గర అరిచారని, అప్పట్నుంచి ప్రతి గ్రహణానికీ సెలవు ఇచ్చేస్తున్నారు. ఆకాశంలో చూడదగ్గది జరిగే రోజునే ఆకాశం చూపించే చోటు మూస్తే ఎలాగని ఉద్యోగంలో ఉండగా వాదించాను, నా వీడ్కోలు సభలోనూ వాదించాను. ఆయన మారలేదు.

ఈ మార్చిలో, హోలీ ముందు, చంద్రుడు గ్రహణంతోనే పైకి వచ్చాడు. బిందుప్రియకు నాలుగో నెల. నాగేంద్రబాబు మాంగో అనే పేటలో తాము అద్దెకుంటున్న ఇంటి కిటికీలకు దుప్పట్లు కట్టి, భార్యను మంచం దిగొద్దన్నాడు. అక్కడికి వెళ్లిన నేను కాదనబోతే హిందీలో జవాబు చెప్పాడు: "రిస్క్ క్యోఁ లేనా, మాఁ?" రిస్క్ ఎందుకు తీసుకోవడమని. పెదవి మీద మచ్చ కనిపించకుండా మీసం పెంచుకున్న నా కొడుకు ఆ మాట అన్నాడు. ఆటో ఎక్కి సాక్చి వెళ్లాను. గేటుకు తాళం. గ్రహణం కారణంగా సెలవని బోర్డు.

తిరిగి వస్తుంటే మాంగో వంతెన మీద బిందుప్రియ నడుచుకుంటూ ఎదురైంది. ఆటో ఆపించి దిగాను. మీరు ఒక్కరే వెళ్లారని బయల్దేరానంది. ఇద్దరం రెయిలింగు పట్టుకుని సువర్ణరేఖ నది పైన చంద్రుణ్ణి చూశాం. ఒక పక్క మసి అంటినట్టు ఉన్నాడు. మసి పూర్తిగా పోయాకే ఇంటికి వెళ్లాం. ఆ రాత్రి నుంచి నాగేంద్రబాబు భార్యతో ముక్తసరిగా మాట్లాడుతున్నాడు.

4. ఈ వీలునామా ఇప్పుడే రాయించడానికి కారణం బిందుప్రియ కడుపులోని బిడ్డ. స్కాన్ ఇంకా తీయలేదు. తండ్రికి ఉన్నది బిడ్డకు రావచ్చనీ, రాకపోవడానికే అవకాశం ఎక్కువనీ డాక్టరు చెప్పారు. వస్తే తండ్రి రక్తంలోంచి వచ్చినట్టు. వంతెన మీద మేం చూసిన చంద్రుడికి దానితో ఏ సంబంధమూ లేదు. బతికుంటే ఈ మాట నేనే చెబుతాను. లేకుంటే బారసాల నాడు, వచ్చినవాళ్లందరూ ఉండగా, ఈ క్లాజు పైకి చదవవలెను. బిడ్డ మూతి ఎలా ఉన్నా నాగేంద్రబాబు పుట్టిన రోజే ఎత్తుకోవలెను. ఇలాంటివి కోర్టులో చెల్లవని వకీలు గారన్నారు. అయినా ఉంచమన్నాను.

5. నా రిటైర్మెంటు సొమ్ములో మిగిలినదంతా ప్రదర్శనశాలకు, ఈ షరతులతో: గ్రహణం రోజున గేటు తెరవాలి. అద్దాల పెట్టెలో దాచిన టెలిస్కోపును మళ్లీ మేడ ఎక్కించాలి. మెట్లకు పట్టుకోడానికి కమ్మీ, పైన గర్భిణులకు వీపు ఆనే కుర్చీలు వేయించాలి. పెదవి కడుపులో ఎప్పుడు అతుక్కుంటుందో ఒక గోడ నిండా బొమ్మలు గీయించి, హిందీ, తెలుగు, ఒడియా, సంతాలీలో రాయించాలి. చదువు రాని అత్తగార్లకు కూడా బొమ్మ చూస్తే అర్థం కావాలి. ఇవి చేయకపోతే సొమ్ము ఇవ్వొద్దు. వీటి అమలుకు, ఈ వీలునామా అంతటి అమలుకు, నా తర్వాత గైడుగా చేరిన రోహిణిని నియమిస్తున్నాను. రోహిణి కోపిష్టిది. ఈ పనికి కోపం కావాలి.

ఆ గోడ మీద ఒక ఫొటో పెట్టాలని నా కోరిక. ఆపరేషన్‌కి ముందు నాగేంద్రబాబుకి తీసింది అదొక్కటే. ప్రదర్శనశాల గుమ్మంలో నానమ్మ ఒళ్లో ఉన్నాడు. ఇన్నాళ్లూ వాడికి చూపించలేదు. అది వాడి ముఖం, వాడు వద్దంటే చింపేయవచ్చు.

ఈ క్లాజు నిన్న వాడికి వినిపించి, ఫొటో చేతికిచ్చాను. మోకాళ్ల మీద పెట్టుకుని చూస్తూ కూర్చున్నాడు. నానమ్మ నవ్వుతోందే అన్నాడు. తర్వాత బిందుప్రియను పిలిచి, పక్కన కూర్చోబెట్టుకుని చూపించాడు. వెళ్లబోతూ నాతో అన్నాడు: "పెట్టించమ్మా. కింద నా పేరు కూడా రాయించు."

రాయించవలెను.

తేదీ: 12 ఏప్రిల్ 2026, గోవింద్‌పూర్, జంషెడ్‌పూర్.

(సంతకం) గేదెల సూర్యకాంతం

నా ఎదుట, ఒకరి ఎదుట ఒకరు సంతకం చేసిన సాక్షులు:
1. బంగారురాజు, ఎదురింటివారు
2. అనిత, ఆసుపత్రి నర్సు