బాబాయి ఇంటి కింద గ్యాసు

బాబాయికి,

మీరు ఫోను తీయడం లేదు కాబట్టి మా ఆయన చేత ఈ ఉత్తరం పంపుతున్నాను. రేపు పొద్దున మీ ఇల్లు ఖాళీ చేయించడానికి మా ఆఫీసువాళ్లు వస్తారు. వాళ్లకు చెప్పింది నేనే.

మీ ఇంటి వెనక పచ్చగా కనిపించే దిబ్బ కింద ఉన్నదంతా ఊరి చెత్తే. అది కుళ్లినప్పుడు పుట్టే గ్యాసును గొట్టాలతో లాగి కరెంటు తయారుచేయడం మా పని. గొట్టాలకు అందని గ్యాసు నేలలోంచి మీ సామాన్ల గదిలోకి చేరుతోంది. ఆదివారం భోజనానికి వచ్చినప్పుడు నా సంచిలోని గ్యాసు పసిగట్టే మీటరు అక్కడే మోగింది. ఒక్క నిప్పురవ్వ చాలు.

"ఇది బయటికి పొక్కితే ఈ ఇల్లు ఎవడూ కొనడు తల్లీ. నువ్వు నోరు మెదపకు" అన్నారు మీరు. సరేనని తలూపాను. ఇంతలో పిన్ని ఆ గదిలో ఏదో వెతకడానికి అగ్గిపుల్ల గీయబోయింది. నేను చేతిలోంచి లాక్కుంటే, ఏమీ తెలియక నవ్వింది. అప్పటినుంచి నాకు కంటిమీద కునుకు లేదు.

నాన్న పోయాక నన్ను పెంచింది మీరు. మీ మాట జవదాటడం ఇదే మొదలు. స్విచ్చులేవీ ముట్టుకోకుండా, పిన్నిని తీసుకుని మా ఆయనతో ఇప్పుడే బయల్దేరండి. ముందుగది మీకోసం సర్దాను. నాతో మాట్లాడకపోయినా సరే, రండి.

మీ పెద్దమ్మాయి